మన శ్రుతికి, మన స్తోమతకు తగిన వయొలిన్‌ను ఎంచుకోవడం ఎలా? రాయలసీమ విద్యార్థుల కోసం సమగ్ర మార్గదర్శి

కర్నూలు, అనంతపురం, కడప పట్టణాల్లో పిల్లలను వయొలిన్ తరగతిలో చేర్పించాలనుకునే తల్లిదండ్రులైనా, ఉద్యోగ విరమణ తరువాత తీరిక చేసుకుని నేర్చుకుందామనుకునే పెద్దలైనా మొదట అడిగే ప్రశ్న "మంచి వయొలిన్ ఎంతలో వస్తుంది?" అన్నదే. ధర ముఖ్యమే, కాదనలేము. అయితే ఎవరు వాయిస్తారు, ఏ పద్ధతిలో వాయిస్తారు, ఏ శ్రుతిలో వాయిస్తారు అన్న మూడు సంగతులు తేలితేగాని ఆ ప్రశ్నకు సరైన జవాబు దొరకదు. దీనికి తోడు మన ప్రాంతం వారు ప్రత్యేకంగా ఆలోచించవలసినది మరొకటి ఉంది. బ్రిడ్జి (తంతులను మోసే చిన్న చెక్క వంతెన) చెక్కి, సౌండ్‌పోస్టును (వాయిద్యం లోపల నిలిచే సన్నని కర్రను) సరిగా నిలబెట్టి, బిరడాలను (తంతులను బిగించే మేకులను) కూర్చి ఇచ్చే నిపుణులు మన ఊళ్లలో సులభంగా దొరకరు. చిన్న లోపం ఉన్నా హైదరాబాదుకో, బెంగళూరుకో, చెన్నైకో మళ్లీ ప్రయాణం కట్టవలసి వస్తుంది. కాబట్టి కొన్న రోజునే, వాయించడానికి అన్ని విధాలా సిద్ధమైన స్థితిలో వాయిద్యాన్ని ఇంటికి తెచ్చుకోవాలి. కింది సలహాల్లో చాలా వరకు ఈ అవసరాన్ని దృష్టిలో ఉంచుకుని చెప్పినవే.

మొదటి మెట్టు: గురువు, పద్ధతి, శ్రుతి

వయొలిన్ ఐరోపా నుంచి వచ్చిన వాయిద్యం. దానిని కర్ణాటక సంగీతానికి అనువుగా మలచిన తొలి తరంలో ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితుల (1786–1859) పేరు ముందుగా చెబుతారు. నాటి నుంచి నేటి వరకు వాయిద్యం ఆకారం మారలేదు గాని, పట్టుకునే తీరు, శ్రుతి చేసే తీరు పూర్తిగా మారిపోయాయి. పాశ్చాత్య పద్ధతిలో నిలబడి గాని, కుర్చీలో కూర్చుని గాని వాయిద్యాన్ని భుజం మీద ఉంచుకుని, నాలుగు తంతులను జి, డి, ఎ, ఇ స్వరాలకు బిగిస్తారు. మనం నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, వాయిద్యం తలభాగాన్ని కుడి పాదం మీద ఆనించి, తంతులను మంద్ర షడ్జం, మంద్ర పంచమం, మధ్య షడ్జం, మధ్య పంచమాలకు (అంటే కింది స, ప; నడిమి స, ప) శ్రుతి చేస్తాము. అందువల్ల పాశ్చాత్య విద్యార్థుల కోసం రాసిన సలహాలు మనకు సగమే వర్తిస్తాయి. ఉదాహరణకు, వాళ్లు తప్పక కొనమనే షోల్డర్ రెస్టు (భుజానికి ఆనించే దిండు) మనకు అవసరం లేదు; ఆ డబ్బును తంతుల మీద పెట్టడం మేలు.

శ్రుతి, అంటే ఆధారంగా పెట్టుకునే షడ్జం ఎత్తు; దాని విషయం కొంచెం లోతుగా చూడాలి. ఒకటి శ్రుతి అంటే పాశ్చాత్యుల సి, రెండు అంటే డి, ఐదు అంటే జి, ఐదున్నర అంటే జి షార్ప్. స్త్రీల గాత్రానికి అనువైన ఐదున్నర శ్రుతిలో వాయించేవారు మామూలు తంతులనే వేసుకున్నా, కింది రెండు తంతులు ఒక్కొక్క స్వరస్థానం (స్థాయిలోని పన్నెండు మెట్లలో ఒకటి) పైకి, పై రెండు తంతులు ఒక్కొక్క స్వరస్థానం కిందికి జరుగుతాయి, అంతే. వాయిద్యం తనకు అలవాటైన బిగువులోనే ఉంటుంది. అదే రెండు శ్రుతిలో వాయించేవారి సంగతి వేరు. మామూలు తంతులను ఆ శ్రుతికి దించితే కింది రెండు ఐదేసి స్వరస్థానాలు, పై రెండు ఏడేసి స్వరస్థానాలు వదులైపోతాయి. అంత వదులైన సన్నని తంతి కమాను (వాయించే విల్లు) కింద నిలవదు. నాదంలో జీవం ఉండదు. దీనికి పరిష్కారం తంతులను ఒక స్థానం జరిపి వేసుకోవడం. అంటే ఇ తంతి ఉండవలసిన చోట ఎ తంతిని, ఎ తంతి ఉండవలసిన చోట డి తంతిని వేస్తే, అవి తమ సహజ శ్రుతిలోనే మధ్య పంచమ, మధ్య షడ్జాలుగా పలుకుతాయి. దాని పక్కన వేసిన జి తంతిని రెండు స్వరస్థానాలు పెంచితే మంద్ర పంచమం వస్తుంది. అన్నిటికంటే కింది స్థానానికి మరింత లావైన తంతి కావాలి. ఇలా లావు తంతులు వేసేటప్పుడు నట్ (తలభాగం దగ్గర తంతులు ఆనే చిన్న పట్టీ) మీద, బ్రిడ్జి మీద ఉన్న గాడులను కొద్దిగా వెడల్పు చేయవలసి ఉంటుంది. ఈ పని దుకాణంలోనే జరగాలి కాబట్టి, ఏ శ్రుతిలో నేర్పుతారో, ఏ తంతులు వేయిస్తారో గురువును అడిగి, కాగితం మీద రాసుకుని వెళ్లండి.

రెండో మెట్టు: సైజు

చేతిని భుజం ఎత్తులో పక్కకు చాపి, మెడ మొదలు నుంచి అరచేతి మధ్య వరకు టేపుతో కొలవాలి. 23 అంగుళాలు, ఆ పైన ఉంటే పూర్తి సైజు, అంటే 4/4. 22 అంగుళాల దగ్గర ఉంటే 3/4, 20 దగ్గర ఉంటే 1/2, పద్దెనిమిదిన్నర దగ్గర ఉంటే 1/4. ఈ అంకెలు దారి చూపడానికే. చివరి మాట గురువుదే. చేయి రెండు సైజుల మధ్యలో ఉంటే చిన్నదాన్నే తీసుకోవాలి.

పిల్లలు ఎదుగుతారు కదా అని, బడి యూనిఫాం ఒక సైజు పెద్దది కుట్టించినట్లు వయొలిన్‌ను కొనడం మన ఇళ్లలో బాగా కనిపించే ఆలోచన. వయొలిన్ విషయంలో ఇది నిజంగా హాని చేస్తుంది. పెద్ద వాయిద్యం మీద చిన్న వేళ్లు స్వరస్థానాలను అందుకోలేక సాగుతాయి. ప్రతి స్వరం రవ్వంత తగ్గి పలుకుతుంది. మూడు నాలుగు నెలలు అదే వింటే చెవి ఆ అపస్వరానికే అలవాటు పడుతుంది. దానిని తరువాత దిద్దడం గురువుకు ఎంత కష్టమో నేర్పేవారిని అడిగితే చెబుతారు. చిన్న సైజు వాయిద్యం ఒకటి రెండేళ్లే పనికివస్తుంది కాబట్టి దాని మీద ఎక్కువ ఖర్చు పెట్టనక్కరలేదు. అదే గురువు దగ్గర నేర్చుకుని పెద్ద సైజుకు మారిన పిల్లల ఇంట్లో పాతది ఉందేమో ముందుగా విచారించండి.

మూడో మెట్టు: చేతిలో ఉన్న డబ్బును పంచుకోవడం

మొత్తం డబ్బును వాయిద్యం మీదనే ఖర్చు పెట్టకూడదు. పెట్టదలచిన దానిలో నాలుగో వంతు కమాను, మంచి తంతులు, దుకాణంలో చేయించే సర్దుబాట్ల కోసం పక్కన పెట్టుకోవాలి. పదిహేను వేల వయొలిన్‌ను చక్కగా సర్దించి, మంచి తంతులు వేయిస్తే, సర్దుబాటు లేని పాతిక వేల వయొలిన్ కంటే హాయిగా పలుకుతుంది. ఇందులో నాకు ఏ సందేహమూ లేదు.

ధరలు ఊరిని బట్టి, కాలాన్ని బట్టి మారుతుంటాయి కాబట్టి ఇక్కడ చెప్పేవి ఉజ్జాయింపు అంకెలుగానే తీసుకోవాలి. ఐదారు వేల లోపు దొరికే పెట్టెలో వయొలిన్, కమాను, రోజిన్ (కమాను వెంట్రుకలకు రాసే గట్టి బంక), సంచీ అన్నీ ఉంటాయి. కానీ వాటిలో చాలావాటికి బిరడాలు నిలవవు, బ్రిడ్జి చెక్కి ఉండదు, ఫింగర్‌బోర్డు (తంతుల కింద వేళ్లు నొక్కే పలక) రంగు వేసిన మెత్తని కర్రతో చేసి ఉంటుంది. నేర్చుకునేవారు తమకే చేత కావడం లేదనుకుని మానేయడానికి ఇలాంటి వాయిద్యం తరచుగా కారణమవుతుంది. అంతకు మించి స్తోమత లేనప్పుడు కొత్తది కొనడం కంటే అద్దెకు గాని, వాడినది గాని తీసుకోవడం మంచిదని నా అభిప్రాయం.

పది నుంచి ఇరవై వేల మధ్య ప్రారంభ విద్యార్థికి నిజంగా పనికివచ్చే వాయిద్యాలు మొదలవుతాయి. బ్రిటిష్ సంస్థ స్టెంటర్ చైనాలో తయారు చేయించే స్టూడెంట్ శ్రేణి ఈ తరహాలో విద్యార్థులకు బాగా పరిచయమైనది. సరళీ స్వరాల నుంచి గీతాల వరకు ఇది చాలు. వర్ణాలు మొదలుపెట్టి, గమకాలు స్పష్టంగా పలకాలన్న తపన పుట్టినవారికి పాతిక నుంచి అరవై వేల మధ్య, పూర్తిగా చెక్కిన స్ప్రూస్ పైపలక, మేపుల్ వెనుకపలక, ఎబొనీ (గట్టి నల్ల కర్ర) ఫింగర్‌బోర్డు ఉన్నవి చూడాలి. ఆ పైన లక్ష, అంతకు మించిన వాయిద్యాలు కచేరీ స్థాయి వారివి. అక్కడ ఒక్కొక్క వాయిద్యానిది ఒక్కొక్క స్వభావం కాబట్టి ధరను బట్టి కాక చెవిని బట్టే ఎంచుకోవాలి.

నాలుగో మెట్టు: దుకాణంలో కంటితో, స్కేలుతో పరీక్ష

కర్నూలు నుంచి హైదరాబాదు, అనంతపురం నుంచి బెంగళూరు 44వ నంబరు జాతీయ రహదారి మీద చెరి సుమారు 210 కిలోమీటర్లు. కడప వారికి చెన్నై రైలు మార్గం అనువైనది. ఏ ఊరికి వెళ్లినా ఒక రోజంతా కేటాయించుకుని, వీలైతే గురువును గాని, వాయించడం వచ్చిన మరొకరిని గాని వెంట తీసుకువెళ్లండి. జేబులో చిన్న ఉక్కు స్కేలు ఒకటి, శ్రుతి పెట్టుకోవడానికి ఫోను ఉంటే చాలు.

ముందుగా పైపలక. ఫోను టార్చి వేసి, ఎఫ్ ఆకారంలో ఉన్న రంధ్రం అంచును దగ్గరగా చూడండి. పైన కనిపించే చెక్క రేఖలు అంచు మందంలోకి కూడా అలాగే దిగుతూ ఉంటే అది ఒకే చెక్క. మందంలో పొరలు పొరలుగా, మధ్య పొర అడ్డంగా కనిపిస్తే అది ప్లైవుడ్; పక్కన పెట్టేయండి. తరువాత పలక అంచు వెంట సాగే రెండు నల్లని సన్న గీతలను చూడాలి. మంచి వాయిద్యంలో అవి గాడి తీసి అతికించిన సన్నని చెక్క పట్టీలు. అంచు దగ్గర పుట్టిన పగులు లోపలికి పాకకుండా ఆపడం వాటి పని. చవక వాయిద్యంలో అవి పెయింటుతో గీసిన గీతలు మాత్రమే. గోటితో నెమ్మదిగా తడిమితే తేడా తెలిసిపోతుంది.

ఫింగర్‌బోర్డు నిజంగా ఎబొనీయేనా అన్నది దాని అడుగు భాగంలో, రంగు సరిగా అంటని మూలల్లో బయటపడుతుంది. తడి గుడ్డతో రుద్దితే నలుపు అంటుకుంటే అది రంగు. జారులు, గమకాలు వాయించే మన వేళ్లు ఆ పలక మీద నిరంతరం పైకీ కిందికీ సాగుతుంటాయి కాబట్టి, మెత్తని కర్ర త్వరగా గాడులు పడి తంతులు జరజరమంటాయి. పాశ్చాత్య విద్యార్థి కంటే మనకు ఈ ఒక్క భాగం మరింత ముఖ్యం.

వాయిద్యాన్ని కంటి ఎత్తుకు ఎత్తి, తలభాగం వైపు నుంచి ఫింగర్‌బోర్డు వెంట చూడండి. అది బ్రిడ్జి మధ్యకు నేరుగా సాగాలి. ఏ పక్కకైనా ఒరిగి ఉంటే మెడ వంకరగా అతికించారని అర్థం. ఎఫ్ రంధ్రంలోంచి చూస్తే లోపల, పై పంచమం తంతి వైపు బ్రిడ్జి కాలికి కొంచెం వెనుకగా, నిటారుగా నిలబడిన సన్నని కర్ర కనిపించాలి. అదే సౌండ్‌పోస్టు. దానిని అతికించరు, రెండు పలకల మధ్య ఒత్తిడితోనే నిలబడుతుంది. అది ఒరిగినా, పడిపోయినా నాదం సగం పోతుంది.

ఇక కొలతలు. పూర్తి సైజు వాయిద్యంలో నట్ నుంచి బ్రిడ్జి వరకు తంతి పొడవు సుమారు 325 నుంచి 330 మి.మీ. ఉండాలి. ఫింగర్‌బోర్డు చివరన, పలకకు తంతికి మధ్య ఖాళీ పై తంతి కింద సుమారు మూడున్నర మి.మీ., అన్నిటికంటే లావైన తంతి కింద ఐదు నుంచి ఐదున్నర మి.మీ. ఉంటే సరిపోతుంది. దీని కంటే ఎత్తుగా ఉంటే వేళ్లు నొప్పి పుడతాయి, స్వరస్థానం పైకి జరుగుతుంది. అలాగని మరీ తక్కువ ఉండకూడదు. తక్కువ శ్రుతిలో వదులుగా ఉండే తంతి విశాలంగా ఊగి పలకను తాకుతుంది. దుకాణానికి వచ్చిన కొత్త వాయిద్యాల్లో చాలావాటికి బ్రిడ్జి అవసరానికి మించి ఎత్తుగానే ఉంటుంది. దానిని చెక్కించడం మొహమాటపడవలసిన కోరిక కాదు, కొనుగోలులో భాగం.

బిరడాలను ఒక్కొక్కటిగా తిప్పి చూడండి. సాఫీగా తిరిగి, చేయి తీసిన చోటనే నిలవాలి. గాత్రానికి పక్కవాద్యంగా వాయించేవారు గాయకుల శ్రుతికి తగినట్లు తరచుగా మార్చుకోవలసి వస్తుంది కాబట్టి, నాలుగు తంతులకూ ఫైన్ ట్యూనర్లు (శ్రుతిని సూక్ష్మంగా సరిచేసే చిన్న మరలు) అమర్చిన టెయిల్‌పీస్ (తంతుల కింది కొసలను పట్టి ఉంచే భాగం) వేయించుకోవడం మంచిది. ఖర్చు భరించగలిగితే లోపల గేరు ఉన్న బిరడాలు కూడా దొరుకుతాయి. ఎండకు బిగువు మారని ఈ బిరడాలు మన ఊళ్లకు బాగా సరిపోతాయి.

ఐదో మెట్టు: మన శ్రుతిలో వినడం

దుకాణంలో వాయిద్యం సాధారణంగా పాశ్చాత్య శ్రుతిలో ఉంటుంది. అలాగే విని మురిసిపోయి కొనకూడదు. తంబూర నాదాన్ని ఫోనులో మన శ్రుతికి పెట్టి, నాలుగు తంతులనూ దానికి కలిపించి, నేల మీద చాప వేయించుకుని కూర్చుని వాయించాలి. అందరూ చూస్తున్నారని సంకోచించవద్దు. మనం ఇంట్లో కూర్చునే తీరులో కూర్చుంటేనే చిన్‌రెస్టు (పాశ్చాత్యులు గడ్డం ఆనించే ముక్క) ఛాతీకి గుచ్చుకుంటుందో లేదో, తలభాగం పాదం మీద కుదురుగా నిలుస్తుందో లేదో తెలుస్తుంది.

మొదట ఖాళీ తంతుల మీద పొడవైన కమాను వేసి, నాదం ఎంతసేపు సమంగా నిలుస్తుందో వినాలి. అటుపై ప్రతి తంతి మీద అడుగు నుంచి తారస్థాయి వరకు ఒకే వేలితో నెమ్మదిగా జారు వాయించాలి. దారిలో ఎక్కడైనా గురకలా మోగినా, ఒక స్వరం ఉన్నట్టుండి మూగబోయినా ఆ చోటును గుర్తుపెట్టుకోవాలి. మంద్ర షడ్జం తంతి అన్నిటికంటే కఠినమైన పరీక్ష. పై తంతి ఏ వయొలిన్ మీదైనా ఎంతో కొంత పలుకుతుంది. మంద్రంలో నాదం గుండ్రంగా, నిండుగా వస్తేనే లోపలి పని బాగుందని అర్థం. చివరగా గురువు చేత విలంబంలో ఒక అన్నమయ్య కీర్తన పల్లవి వాయించమని, మీరు పది అడుగుల దూరంలో నిలబడి వినండి. వాయించేవారి చెవికి గట్టిగా వినిపించే వాయిద్యాలు కొన్ని దూరానికి చేరవు. రెండు మూడు వాయిద్యాలను పోల్చేటప్పుడు కమానును మాత్రం మార్చకూడదు. మారిస్తే తేడా వాయిద్యానిదో కమానుదో తేలదు.

కమాను, తంతులు

కమాను పూర్తి సైజులో సుమారు 60 గ్రాముల బరువు ఉంటుంది. దాని కర్ర లోపలికి, అంటే వెంట్రుకల వైపుకు వంగి ఉండాలి. బిగించిన తరువాత కూడా ఆ వంపు కొంత మిగలాలి. కంటి ఎదుట పెట్టి చూస్తే పక్కలకు ఒంకర ఉండకూడదు. వెంట్రుకలు గుర్రపు తోకవి. గాలిలో తేమ తగ్గితే అవి పొట్టిగా మారి తమంతట తామే బిగుసుకుంటాయి. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండకు, వదులు చేయకుండా పెట్టెలో పెట్టిన కమాను కర్ర వంపు పోగొట్టుకుంటుంది. అందుకే ప్రారంభ విద్యార్థులకు సాదా కర్ర కమాను కంటే, వేడికి ఆకారం చెడని కార్బన్ ఫైబర్ కమానును సిఫారసు చేస్తాను.

తంతుల విషయంలో మొదటి ఏడాదికి ఉక్కు తంతులు చాలు. శ్రుతి నిలుస్తుంది, ఎక్కువ కాలం మన్నుతాయి. స్థాయి పెరిగిన తరువాత సింథటిక్ తంతులు వేస్తే నాదం మెత్తబడుతుంది. ఆస్ట్రియాకు చెందిన థొమాస్టిక్ వారి డామినెంట్ ఈ తరహాలో పేరున్నది. వాయిద్యం మార్చాలనిపించినప్పుడు ముందుగా తంతులు మార్చి చూడండి.

పాత వయొలిన్లు, లోపలి చీటీలు

ఎవరి ఇంట్లోనో తాతల నాటి వయొలిన్ ఉందని, లోపల "స్ట్రాడివేరియస్" అని చీటీ ఉందని, లక్షలు పలుకుతుందని చెప్పేవారు తరచుగా కలుస్తారు. ఇటలీలోని క్రెమోనాలో ఆంటోనియో స్ట్రాడివారి 1737లో మరణించాడు. అతని నమూనాను అనుసరించి, అతని పేరుతోనే చీటీ అతికించి, జర్మనీ తదితర దేశాల్లో తరువాతి కాలంలో పెద్ద సంఖ్యలో వయొలిన్లు తయారయ్యాయి. కాబట్టి ఆ చీటీకి విలువ కట్టకూడదు, వాయిద్యానికే కట్టాలి. అలాంటి పాత జర్మన్ వాయిద్యాల్లో కొన్ని నిజంగా చక్కగా పలుకుతాయి, సరసమైన ధరకు దొరికితే కొత్తవాటి కంటే మేలు కూడా. పక్కల అతుకు విడిపోయి ఉంటే భయం లేదు, మళ్లీ అతికించవచ్చు. కానీ పైపలక మీద, సౌండ్‌పోస్టు నిలిచే చోట పగులు ఉన్నా, మెడ ముందుకు ఒరిగి తంతులు బాగా ఎత్తుగా లేచినా, బాగుచేయించే ఖర్చు కొన్న ధరను మించుతుంది, వదిలేయండి.

ఇంటర్నెట్‌లో కొనవలసి వస్తే, వెనక్కి తీసుకునే గడువు ఎన్ని రోజులో చూసుకుని, వచ్చిన రోజే పై పరీక్షలన్నీ చేయాలి. అలా వచ్చే వాయిద్యాల్లో బ్రిడ్జి విడిగా ఉండటం మామూలే. దానిని నిలబెట్టడం తెలిసినవారు పక్కన లేకపోతే తంతులు బిగించవద్దు.

ఇంటికి తెచ్చుకోవడం, మన ఎండలో కాపాడుకోవడం

బస్సు డిక్కీలో గాని, కారు వెనుక గాని వయొలిన్‌ను పెట్టకూడదు. వయొలిన్‌ను అతికించేది జంతువుల చర్మం నుంచి తీసే బంక. వేడికి అది మెత్తబడుతుంది. ఎండలో ఆగిన కారులో ఒక మధ్యాహ్నం గడిస్తే చాలు, అతుకులు విడిపోవచ్చు, వార్నిష్ సంచీ గుడ్డకు అంటుకోవచ్చు. ప్రయాణంలో తంతులను ఒకటి రెండు స్వరస్థానాలు దించితే చాలు. నాలుగింటినీ ఒకేసారి పూర్తిగా వదులు చేస్తే ఒత్తిడి పోయి సౌండ్‌పోస్టు పడిపోతుంది, దానిని నిలబెట్టడానికి మళ్లీ ఆ నగరానికే వెళ్లవలసి వస్తుంది.

ఇంట్లో కిటికీ పక్కన, కూలరు ఎదురుగా కాక లోపలి గోడ వైపు ఉంచండి. గాలిలో తేమ 40 నుంచి 60 శాతం మధ్య ఉంటే వాయిద్యానికి మంచిది. మన వేసవిలో అంత ఉండదు కాబట్టి పెట్టెలో పెట్టుకునే చిన్న హ్యుమిడిఫయర్ వాడాలి. ఎండాకాలంలో కర్ర కుంచించుకుపోయి బిరడాలు జారితే, తిప్పుతూనే లోపలికి నొక్కాలి. వానాకాలంలో ఉబ్బి బిగుసుకుంటే బలవంతం చేయకుండా బిరడాలకు రాసే మందు కొద్దిగా రాయాలి. కొత్త తంతులు మొదటి వారం సాగుతూనే ఉంటాయి. రోజూ శ్రుతి చేసేటప్పుడు బ్రిడ్జి తంతులతో పాటు ముందుకు ఒరుగుతుంది. టెయిల్‌పీస్ వైపు ఉన్న దాని ముఖం పైపలకకు నిటారుగా ఉందో లేదో వారానికోసారి చూసి, ఒరిగితే రెండు చేతులతో నెమ్మదిగా సరిచేయాలి. ఇది ఎలా చేయాలో కొన్న రోజునే దుకాణంలో చేయించి చూసి నేర్చుకోండి.

మరింత మెరుగైన వాయిద్యానికి ఎప్పుడు మారాలన్నది కూడా గురువు చెవే చెప్పాలి. ఆయన మీ వయొలిన్‌ను తీసుకుని వాయించినప్పుడు మంద్రంలో తాను కోరిన నాదం రావడం లేదంటే మార్చే సమయం వచ్చినట్లే. ఆయన చేతిలో అదే వయొలిన్ చక్కగా పలుకుతుంటే మాత్రం ఆ డబ్బును బ్యాంకులోనే ఉంచి, తంతులు మార్చి, సాధన కొనసాగించండి.